క్యామ్‌లు కొనే ముందు టాకోమీటర్ చూడండి

అందరికీ నమస్కారం.

"అన్నా, ఎగ్జాస్ట్ మార్చేశాను, ఎయిర్ ఫిల్టర్ మార్చేశాను, ఇక క్యామ్‌లు వేయించమంటావా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను వెంటనే జవాబు చెప్పను. నీ బైక్‌లో ఇంజిన్ వేగం చూపించే టాకోమీటర్ ముల్లు ఎక్కువసేపు ఎక్కడ ఉంటుందో చెప్పు, అంటాను. దానికి నిజాయితీగా జవాబిస్తే సగం విషయం అక్కడే తేలిపోతుంది.

ఎందుకో చెప్తాను. వాల్వ్‌లను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఇంజిన్ 12,000 ఆర్‌పీఎం మీద ఉంటే క్యామ్ నిమిషానికి 6,000 చుట్లు తిరగాలి. అంటే ప్రతి వాల్వూ సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇన్‌టేక్ వాల్వ్ ఒక్కోసారి తెరిచి ఉండేది 4 మిల్లీసెకన్లు కూడా కాదు. ఆ కాస్త సమయంలోనే సిలిండర్ నిండాలి. అందుకని పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి బయల్దేరాక కూడా ఇన్‌టేక్ వాల్వ్‌ను కాసేపు మూయరు. దూసుకొస్తున్న గాలి ఒక్కసారిగా ఆగిపోదు కదా, పిస్టన్ ఎదురొస్తున్నా ఆ ఊపులో లోపలికి వస్తూనే ఉంటుంది. పెర్ఫార్మెన్స్ క్యామ్ వాడుకునేది ఈ ఊపునే. వాల్వ్‌ను ఇంకాస్త ఎత్తు లేపుతుంది, ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.

అదే ఇంజిన్ 4,000 దగ్గర ఉందనుకోండి. గాలికి ఆ ఊపు ఉండదు. వాల్వ్ ఆలస్యంగా మూసుకునేసరికి, పైకొస్తున్న పిస్టన్ లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి నెట్టేస్తుంది. పైగా ఓవర్‌ల్యాప్ ఉంది, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ కలిసి తెరిచి ఉండే కాసేపు. అది పెరిగితే తక్కువ వేగంలో కాలిన వాయువు కొంత లోపలే మిగిలిపోతుంది. ఐడిల్ తడబడుతుంది, థ్రాటిల్ తిప్పితే బండి వెంటనే అందుకోదు.

ఒక కుర్రాడు లీటర్ బైక్, అంటే 1000 సీసీ బండి, తెచ్చాడు. క్యామ్‌లు వేరేచోట వేయించుకున్నాడు. డైనో, అంటే పవర్ కొలిచే యంత్రం, ఇచ్చిన కాగితం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు, మడతలు నలిగిపోయాయి. "పవర్ పెరిగింది అన్నా, కానీ బండి బద్ధకంగా ఉంది" అన్నాడు. కాగితం బల్ల మీద పరిచి చూశాం. పదివేలు దాటాక కొత్త గీత పాతదాని పైనే ఉంది, అందులో మోసం లేదు. 4,000 నుంచి 7,000 దాకా మాత్రం కొత్త గీత పాతదాని కిందికి జారిపోయింది. అతను రోజూ నడిపేది ఆ మూడువేల మధ్యలోనే. ఆ ముక్క అతనికి ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు.

రోడ్డు సంగతి ఒక్కసారి ఆలోచించండి. లీటర్ బైక్ టాప్ గేర్‌లో గంటకు 100 కిలోమీటర్లు వెళ్తుంటే ఇంజిన్ సుమారు 4,000, 4,500 దగ్గర తిరుగుతుంది. రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ దాటకూడని వేగం దాకా లాగితే మొదటి గేర్‌లోనే 130 దాటిపోతాం. క్యామ్ ఇచ్చే లాభం ఉండేది ఆ రెడ్‌లైన్ దగ్గర్లోనే.

కంపెనీలకూ ఇది తెలుసు. 2021లో సుజుకి కొత్త హయబుసా తెచ్చినప్పుడు క్యామ్‌ల ఆకారం మార్చి ఓవర్‌ల్యాప్ తగ్గించింది. గరిష్ఠ పవర్ 197 పీఎస్ నుంచి 190కి దిగింది. ఉద్గార నిబంధనలూ ఒక కారణమే, కానీ బదులుగా కింది, మధ్య వేగాల్లో టార్క్, అంటే లాగే బలం, పెరిగింది. బీఎండబ్ల్యూ 2019 ఎస్1000ఆర్‌ఆర్‌లో ఇంకో దారి పట్టింది. ఇన్‌టేక్ క్యామ్ మీద రెండు రకాల లోబ్‌లు (వాల్వ్‌ను నెట్టే ఉబ్బులు) పెట్టి, 9,000 దగ్గర ఒకదాని నుంచి ఇంకోదానికి మారేలా చేసింది. ఒకే ఆకారంతో రెండు పనులూ బాగా జరగవు కాబట్టే అంత తంటాలు పడ్డారు.

ఇక ఖర్చు. క్యామ్‌ల ధర చూసి లెక్క వేసుకుంటే బోర్లా పడతారు. లిఫ్ట్, అంటే వాల్వ్ లేచే ఎత్తు, పెరిగితే గట్టి వాల్వ్ స్ప్రింగులు కావాలి, లేదంటే ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వ్ క్యామ్‌ను వదిలి తేలుతుంది. టైమింగ్ సరిచేయడానికి స్లాట్ ఉన్న స్ప్రాకెట్లు, వాల్వ్ క్లియరెన్స్ కుదరడానికి షిమ్‌లనే చిన్న బిళ్లలు, గాస్కెట్లు కావాలి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాపింగ్, డైనో సమయం, మజూరీ వేరే. వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఇవన్నీ కలిపాక వచ్చే మొత్తంలో క్యామ్‌లు ఒక భాగమే.

అందుకే రోడ్డు మీద నడిపేవాళ్లకు నా మాట సూటిగా చెప్తున్నాను: వద్దు. ముందు మంచి మ్యాపింగ్ చేయించండి. వెనక స్ప్రాకెట్‌కు ఒకటి రెండు పళ్లు పెంచి చూడండి, టాప్ స్పీడ్ కాస్త తగ్గినా థ్రాటిల్ తిప్పగానే తేడా తెలుస్తుంది. సస్పెన్షన్ మీ బరువుకు సెట్ చేయించండి. ఇంకా మోజు తీరకపోతే, ఉన్న క్యామ్‌లనే డిగ్రీ వీల్ (కోణం కొలిచే చక్రం) పెట్టి సరిగ్గా టైమ్ చేయించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైమింగ్‌లో కూడా కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది.

ట్రాక్ మీద, డ్రాగ్ స్ట్రిప్ మీద నడిపేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ముల్లు ఎప్పుడూ పైనే ఉంటుంది, కింద పోయిన టార్క్‌తో వాళ్లకు పనే లేదు. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్, హెడ్ పని అయిపోయి, ఇంజిన్ ఎలాగూ విప్పాల్సి వస్తే, క్యామ్‌లకు పెట్టిన ప్రతి పైసా తిరిగి వస్తుంది. వాళ్లను నేనే వేయించుకోమంటాను.

వాళ్లకు ఒక్క మాట. పిస్టన్ తల మీద వాల్వ్ దిగే గుంటల్లో మెత్తటి బంకమట్టి పెట్టండి. హెడ్ బిగించి, కొత్త క్యామ్‌లు టైమ్ చేసి, స్పానర్‌తో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టొద్దు, ఆగిపోండి. హెడ్ విప్పాక మట్టిలో వాల్వ్ అచ్చు కనిపిస్తుంది. బ్లేడుతో కోసి అన్నిటికన్నా పలచగా ఉన్నచోట కొలవండి. చాలామంది బిల్డర్లు ఇన్‌టేక్ దగ్గర కనీసం 1 మిల్లీమీటరు, ఎగ్జాస్ట్ దగ్గర 1.5 మిల్లీమీటర్లు ఉంచుతారు. క్యామ్ తయారుచేసినవాళ్లు ఇంతకన్నా ఎక్కువ అడిగితే వాళ్ల మాటే వినండి. ఎగ్జాస్ట్ వాల్వ్‌ను పిస్టన్ వెనక నుంచి తరుముకొస్తుంది, వేడికి అది సాగుతుంది కూడా, అందుకే ఆ అదనం. ఆ మట్టి ముక్కను కొలిచేదాకా స్టార్టర్ బటన్ మీద ఎవరినీ వేలు పెట్టనివ్వకండి.