గడప దగ్గర ఆగే మాస్టారు

(దృశ్యం: నౌపడా–గుణుపురం రైలు పాతపట్నం దాటి పర్లాకిమిడి వైపు సాగుతుంది.)

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే ఇళ్లు ఉన్నాయి కాని, సరిహద్దు పల్లెల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు ప్రతి బడికీ దొరకడు. మరి దూరాన ఉన్న మాస్టారిని టెలిప్రెజెన్స్ రోబో ద్వారా తరగతి గదిలోకి తీసుకురాగలమా?

(దృశ్యం: చక్రాలు, వాటిపై నిలువు కడ్డీ, కడ్డీ చివర తెర.)

ఈ రోబో తనంతట తాను పాఠం చెప్పదు. ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఇంటర్నెట్ ద్వారా దీనిని నడుపుతాడు, దీని కెమెరాతో చూస్తాడు, దీని స్పీకరుతో మాట్లాడతాడు. ఇంతమాత్రానికి వీడియో కాల్ చాలదా అని మీరు అడగవచ్చు. వీడియో కాల్‌లో ఫోను పట్టుకున్నవారు ఏది చూపిస్తే మాస్టారికి అదే కనిపిస్తుంది; ఇక్కడ ఎటు చూడాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో మాస్టారే నిర్ణయించుకుంటారు. ఆయన చివరి వరుస దాకా వెళ్లి, తల వంచుకుని కూర్చున్న పిల్లవాడి పలక చూడగలరు.

పలక చూడడం మన సరిహద్దు బడులకు చాలా ముఖ్యం. ఒడియా ఉచ్చారణలో ఇ, ఈ అక్షరాల మధ్య తేడా వినిపించదు. అందువల్ల ఇంట్లో 'విడు', 'వీడు' అనే మాటలను చక్కగా పలికే పిల్లవాడు కూడా, అక్షరాలు ఒడియాలోనే దిద్దినవాడైతే, తెలుగు రాసేటప్పుడు గుడి ఎక్కడ పెట్టాలో, గుడిదీర్ఘం ఎక్కడ పెట్టాలో తడబడవచ్చు. ఆ తప్పు చెవికి దొరకదు, పలక మీదే దొరుకుతుంది.

(దృశ్యం: దక్షిణ కొరియా పటం, దేగు నగరం.)

టెలిప్రెజెన్స్ అనే మాటను 1980లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ ప్రచారంలోకి తెచ్చారు. అప్పట్లో ఆయన ఆలోచన ప్రమాదకరమైన పనులను దూరం నుంచి చేయించడం గురించి. బడి విషయానికి వస్తే, 2010లో దేగు నగరంలోని ప్రాథమిక పాఠశాలల్లో 29 ఎంగ్‌కీ రోబోలను ప్రవేశపెట్టారు. ఫిలిప్పీన్స్‌లో ఉన్న ఉపాధ్యాయులు వాటి ద్వారా ఇంగ్లీషు నేర్పారు. అయితే తెర మీద కనిపించింది వారి ముఖం కాదు, ఒక పాశ్చాత్య స్త్రీ బొమ్మ ముఖం. నా మటుకు నాకు ఇది నచ్చలేదు, ఎందుకంటే పాఠం చెబుతున్నది ఎవరో తెలుసుకునే హక్కు పిల్లలకు ఉంది.

ఇక మన చిక్కులు. కరెంటు పోతే ఛార్జింగ్ ఉండదు, కొండ పల్లెల్లో సిగ్నల్ నిలకడగా ఉండదు. దృశ్యం ఆలస్యంగా చేరితే రోబో బెంచీని గుద్దుకున్న తరువాతే మాస్టారికి ఆ సంగతి తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు గడప ఉంది. మన తలుపులకు గడపలు, వరండాలకు మెట్లు ఉంటాయి, చక్రాల రోబో వాటిని ఎక్కలేదు. పాతపట్నం నుంచి పర్లాకిమిడి రావడానికైతే లక్షల రూపాయల రోబో దేనికి, రైలు టిక్కెట్టు చాలు.

(దృశ్యం: బెంచీ మీద చిన్న తెల్లని రోబో.)

నన్ను అడిగితే దీనినే ముందు ప్రయత్నించమంటాను. నార్వేలో తయారైన ఏవీ1 రోబోలో దూరాన ఉండేది మాస్టారు కాదు, విద్యార్థి. వైద్యం కోసం బరంపురంలోనో విశాఖపట్నంలోనో నెలల తరబడి ఉండవలసిన పిల్లవాడి బదులు ఇది తరగతిలో కూర్చుంటుంది. పిల్లవాడు టాబ్లెట్ మీద వేలు జరిపితే దీని తల తిరుగుతుంది, ప్రశ్న అడగాలనుకుంటే తల మీద దీపం మిణుకుమంటుంది, ఒంట్లో బాగాలేక కేవలం వినాలనుకుంటే అదే దీపం నీలంగా వెలుగుతుంది. జబ్బుతో వాడిన అతని ముఖం మాత్రం తరగతిలో ఎవరికీ కనిపించదు, ఎందుకంటే దీనికి తెరే లేదు. చక్రాలు కూడా లేవు కాబట్టి, విరామం గంట కొట్టగానే పక్క బెంచీ స్నేహితుడు దీనిని చంకన పెట్టుకుని గడప దాటి చెట్టు కిందికి తీసుకుపోతాడు.