తిన్నది ఒంటికి పట్టాలంటే

(నల్లగొండలో తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను డాక్టర్‌ని కాదు. దేవరకొండ దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా చిన్నోడికి 11 ఏళ్లప్పుడు క్రోన్స్ అనే పేగు వ్యాధి ఉందని తేలింది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు మా ఇంట్లో రోజూ వినిపించిన మాట ఒకటే: "తిన్నది ఒంటికి పడ్తలేదు."

మా అత్తమ్మ దిష్టి అన్నది. పక్కింటివాళ్లు ఫ్లోరైడ్ నీళ్లు అన్నారు. మర్రిగూడ వైపు పల్లెల్లో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు చూసినవాళ్లం మనం. పిల్లవాడు ఎదగకపోతే ముందుగా నీళ్లనే అనుమానిస్తాం. నేనూ అదే నమ్మి వాటర్ క్యాన్‌లు తెప్పించాను. మలద్వారం దగ్గర చిన్న వాపు వస్తే ఒక చోట మొలలని చెప్పి పసరు రాశారు. పసిపిల్లలకు, బడి పిల్లలకు మొలలు రావడం చాలా అరుదు. ఆ చోట పుండు, చీము, వాపు మళ్లీ మళ్లీ వస్తుంటే పేగు సంగతి చూడమని డాక్టర్‌ని అడగండి. నాకు ఆ మాట అప్పుడు చెప్పినవాళ్లు లేరు.

క్రోన్స్ జబ్బులో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన పేగు మీదికే తిరగబడుతుంది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్నపేగు చివర, పెద్దపేగుతో కలిసే చోట వస్తుంది. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్ అనే డాక్టర్ ఇంకో ఇద్దరితో కలిసి దీని గురించి రాశారు. ఆ పేరే నిలిచింది. పేగు వాచి ఉన్నప్పుడు ఆకలి చచ్చిపోతుంది. తిన్న కొంచెమూ సరిగ్గా లోపలికి ఇంకదు. ఇంకినదాంట్లో కొంత ఆ వాపుతో పోరాడటానికే ఖర్చవుతుంది. పైగా ఆ వాపులోంచి పుట్టే రసాయనాలు ఎముకలు పెరగకుండా అడ్డుపడతాయి. అందుకే పిల్లవాడు సన్నబడటమే కాదు, పొడవు పెరగడం కూడా ఆగిపోతుంది. తిండి పెడితే చాలదు, ముందు పేగు చల్లబడాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పేగు టీబీ, క్రోన్స్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే చోట పుండ్లు, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. మావాడికీ ముందు టీబీ మందులే వాడారు. వాటితో తగ్గకపోయేసరికి మళ్లీ కొలనోస్కోపీ, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పేగు చూసే పరీక్ష చేసి, పేగు ముక్క తీసి పరీక్షించాక అసలు సంగతి బయటపడింది. అందులో డాక్టర్ల తప్పేమీ లేదు, రెంటినీ విడదీయడం నిజంగానే కష్టం. కానీ మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు బరువు పెరిగిందా లేదా అని అడగాల్సింది మనం.

నా తప్పు చెప్తాను. అది పథ్యం. విరేచనం అయినప్పుడల్లా ఒక్కొక్కటి ఆపేశాను. పాలు ఆపాను. గుడ్డు వేడి అన్నారు, ఆపాను. పప్పు అరగదన్నారు, ఆపాను. చివరికి మిగిలింది ఉప్పేసిన గంజి, మెత్తటి అన్నం. ఐదు నెలలు అదే. కడుపుకు విశ్రాంతి ఇస్తున్నాననుకున్నాను. 11 ఏళ్ల పిల్లవాడు 24 కిలోలు. హైదరాబాద్‌లో డైటీషియన్ ఒక కాగితం మీద లెక్క వేసి చూపించింది. వాడికి కావాల్సినదాంట్లో సగం కూడా నేను పెట్టడం లేదు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

అంతకు ముందు ఒక చోట స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నెల తిరక్కుండానే మొహం నిండింది, బుగ్గలు వచ్చాయి. చుట్టాలందరూ "ఇప్పుడు మంచిగైండు" అన్నారు. మా ఇంట్లో ఉగాదికి ఉగాదికి పిల్లలను గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్ గీత గీయడం అలవాటు. ఆ రెండు ఉగాదుల గీతల మధ్య నా చిటికెన వేలి గోరంత దూరం కూడా లేదు. ఈ వయసు పిల్లలు ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు పెరగాలి. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, కొన్నిసార్లు తప్పదు కూడా. కానీ ఎక్కువ కాలం వాడితే ఎదుగుదలను ఆపుతుంది. మొహం చూసి మోసపోవద్దు, గీత చూడండి. అట్లని ఆ మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి.

తర్వాత పిల్లల పేగుల డాక్టర్ చెప్పిన వైద్యం విని మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 8 వారాలు అన్నం, రొట్టె, కూర ఏమీ లేవు. అన్ని పోషకాలూ ఉన్న ఫార్ములా పొడిని నీళ్లలో కలిపి తాగడమే భోజనం. క్రోన్స్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది స్టెరాయిడ్‌తో సమానంగా పేగు వాపు తగ్గిస్తుంది. ఎదుగుదలను ఆపదు, పైగా బలం ఇస్తుంది. మరీ చిక్కిపోయిన పిల్లవాడికి ఒక్కసారిగా నిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి. అందుకని ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేస్తూ పెంచారు. చివరికి రోజుకు 200 మిల్లీలీటర్ల గ్లాసులు తొమ్మిది.

మొదటి మూడు రోజులు కక్కాడు. తాగలేకపోతే ముక్కులోంచి సన్నని గొట్టం వేస్తామన్నారు. ఫ్రిజ్‌లో చల్లబరిచి, మూత పెట్టి, స్ట్రాతో ఇస్తే వాసన తెలియక తాగాడు. పిల్లవాడు ఇంట్లో ఉన్నంతసేపూ పోపు పెట్టలేదు. వాడు బడికి పోయాకే వంట. ఆ 8 వారాల్లోనే సద్దుల బతుకమ్మ వచ్చింది. ఇంటినిండా నువ్వుల సద్ది, మలీద ముద్దల వాసన. వాడు తాంబాళంలో తంగేడు పూలు పేర్చి, పక్కనే గ్లాసు పెట్టుకొని కూర్చున్నాడు. వాళ్లక్క ఆ రోజు ముద్ద ముట్టలేదు. ఎనిమిదో వారం చివర తూకం 27 కిలోల 600 గ్రాములు.

ఆ తర్వాత వాపు తిరిగి రాకుండా మందులు వాడాలి. మావాడికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తున్నారు. మొదటి డోసు, దాని తర్వాత 2 వారాలకు, 6 వారాలకు, ఆ పైన 8 వారాలకు ఒకసారి. అది రక్షణ శక్తిని అణచిపెడుతుంది కాబట్టి ఎక్కించే ముందు టీబీ పరీక్షలు తప్పనిసరి. మిగిలిపోయిన టీకాల సంగతి కూడా ముందే అడగాలి. ఖర్చు భారమే. ఏది ఆరోగ్యశ్రీలో వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, మొహమాటపడకండి.

తిండి విషయానికొస్తే, మావాడు ఇప్పుడు రోజూ రెండు గుడ్లు, నెయ్యేసిన ముద్దపప్పు, మెత్తగా ఉడికిన చికెన్, పెరుగన్నం, అరటిపండు తింటాడు. పాలు పడితే మానాల్సిన పని లేదు. పల్లీలు గింజలుగా కాకుండా మెత్తగా నూరి పచ్చడి చేస్తాను. పేగు సన్నబడిన పిల్లలకు మక్కబుట్టలు, చెరకు పిప్పి, పీచు కూరలు ఇరుక్కుపోతాయి. ఆ మాట స్కాన్ చూసిన డాక్టర్ చెప్పాలి, చుట్టాలు కాదు. నొప్పికి మెడికల్ షాపులో బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కొనకండి, పేగు పుండ్లు మళ్లీ రేగుతాయి. చిన్నపేగు చివర దెబ్బతింటే విటమిన్ బీ12 ఇంకదు. దాంతోపాటు ఐరన్, విటమిన్ డీ కూడా అప్పుడప్పుడు రక్తపరీక్షలో చూపించాలి.

మొన్నటి ఉగాదికి గీత 7 సెంటీమీటర్లు పైకి పోయింది. వాడే స్కేలు తెచ్చి కొలిచాడు.

అంగన్‌వాడీ అక్కలూ, ఆశా చెల్లెళ్లూ, మీ దగ్గర తూకం ఉంది. ఐదేళ్లు దాటిన పిల్లవాడైనా సరే, తల్లి అడిగితే ఎక్కించి చూడండి. నాలుగు వారాలు దాటిన విరేచనాలు, నిద్రలోంచి లేపే కడుపునొప్పి, నోట్లో మానని పుండ్లు, మలంలో రక్తం, ఏడాదైనా లాగు పొట్టి కాకపోవడం, అంటే ఎత్తు పెరగకపోవడం, వీటిలో రెండు కనిపించినా పెద్దాసుపత్రికి పంపండి.

టీచర్లకు ఒక్క మాట. మావాడు ఒక రోజు క్లాసులో చెయ్యెత్తి ఎత్తి, పర్మిషన్ రాక, బట్టలు పాడుచేసుకుని ఇంటికొచ్చాడు. వారం రోజులు బడికి పోనన్నాడు. ఆ రోజు నుంచి నా క్లాసులో తలుపు దగ్గరి బెంచీ అట్లాంటి పిల్లలకే. వాళ్లు నన్ను అడగక్కర్లేదు, లేచి పోవచ్చు.