ఆ డిస్కులను పారేయకండి

సభకు నమస్కారం.

టీవీ కింద అరలోనో, అటక మీద అట్టపెట్టెలోనో పడి ఉన్న వీసీడీలు, డీవీడీలు, బ్లూరేల గురించి మాట్లాడాలని వచ్చాను. ప్లేయరు పాడైపోయింది, సినిమాలన్నీ ఓటీటీలో దొరుకుతున్నాయి, ఇక ఇవెందుకని చాలామంది పాత సామాన్లవాళ్లకు వేసేస్తున్నారు. దయచేసి వేయకండి.

అసలు అన్నీ ఓటీటీలో ఉన్నాయా? అక్కడ సినిమా ఉండేది హక్కుల ఒప్పందం నడిచినంత కాలమే. గడువు తీరితే చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. ఒక్కోసారి గడువుతోనూ పని లేదు. తమిళ చిత్రం ‘అన్నపూరణి’ 2023 డిసెంబరులో థియేటర్లకు వచ్చి, నెలాఖరుకు నెట్‌ఫ్లిక్స్‌లో చేరింది. ఫిర్యాదులు రావడంతో 2024 జనవరిలో తీసేశారు. ఆ సినిమా మంచిచెడ్డలు వేరే చర్చ. చందా కట్టినవాళ్లకు చూసి తేల్చుకునే వీలే లేకుండా పోయింది, నా బాధంతా అది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ‘కొన్న’ సినిమాకైనా మనకు దక్కేది చూసుకునే అనుమతే. ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఏకంగా ఒక చట్టమే అమలవుతోంది.

సినిమా మాయం కావడం కంటే మారిపోవడం నన్ను ఎక్కువ భయపెడుతుంది. మాయమైతే కనీసం తెలుస్తుంది. 1971 నాటి అమెరికన్ చిత్రం ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’లో జాతిని కించపరిచే మాట ఉన్న కొద్ది సెకన్ల భాగం 2023లో స్ట్రీమింగ్ ప్రతిలో కనిపించలేదు. ముందుగా ఎవరూ ప్రకటించలేదు. పాత డిస్కులు ఉన్నవాళ్లు పక్కపక్కన పెట్టి చూపించగలిగారు. మన దగ్గరికొస్తే, 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో వచ్చినప్పుడు కొన్ని పాటలు, పద్యాలు తగ్గాయి. రంగుల ప్రతి కొత్త తరాన్ని థియేటరుకు రప్పించింది, సంతోషమే. అయితే నలుపు తెలుపుల్లో పద్యాలన్నిటితో ఉన్న పూర్తి ప్రతి కూడా ఎవరో ఒకరి చేతిలో ఉండాలి కదా!

మన తెలుగు డిస్కులు గొప్పగా ఉండేవని నేను అనను. వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఒక డిస్కులో సుమారు గంటా పావే పడుతుంది కాబట్టి సినిమా రెండు మూడు డిస్కులయ్యేది, పాట మధ్యలో లేచి డిస్కు మార్చుకునేవాళ్లం. తెర మూలన కంపెనీ ముద్ర, కింద పాకే ప్రకటన, స్కోప్ (వెడల్పు తెర) సినిమాకు రెండు వైపులా కోత. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక మామూలు ఇళ్లలోకీ పైరసీ కాని అసలు డిస్కులు వచ్చాయి. ఆ అతుకుల బొంత ప్రతులే ఇవాళ కొన్ని చిన్న సినిమాలకు మిగిలిన ఆధారం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఈ రోజు చూద్దామంటే ప్రింటు లేదు. మనకు జరిగిన నష్టం చాలదా?

కొత్త సినిమాల సంగతి వేరు. అక్కడ నాణ్యత కోసమే డిస్కు కావాలి. 4కె, అంటే బాగా ఎక్కువ చుక్కలతో బొమ్మ ఉండే బ్లూరేలో సమాచారం గరిష్ఠంగా సెకనుకు 128 మెగాబిట్ల వేగంతో అందుతుంది. 4కె కోసం నెట్‌ఫ్లిక్స్ అడిగే ఇంటర్నెట్ వేగం 15. పట్టపగటి సన్నివేశంలో తేడా పెద్దగా కనిపించదు. వాన, పొగ, చీకటి గది వచ్చినప్పుడు చూడండి: స్ట్రీమింగ్‌లో నీడలు పలకలు పలకలుగా విడిపోతాయి. ‘బాహుబలి’ రెండో భాగం పూర్తి నిడివి ప్రతి జపాన్‌లో బ్లూరేగా వచ్చింది. టోక్యో అభిమాని అరలో పెట్టుకున్న తెలుగు సినిమా కోసం మనం అక్కడివాళ్లను అడగాలా అనిపించి మనసు చివుక్కుమంటుంది. డిస్కు కొనేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే కదా నిర్మాతలు ఇక్కడ కూడా వేసేది! కాబట్టి అసలు డిస్కు దొరికినప్పుడు కొనండి.

ఇంటికి వెళ్లాక చేయవలసిన పని ఒకటుంది. మీ డిస్కులను రెండు కుప్పలుగా విడదీయండి. కంపెనీ డిస్కుల్లో సమాచారం ప్లాస్టిక్‌లోనే అచ్చుగా ఉంటుంది, జాగ్రత్తగా ఉంచితే దశాబ్దాలు నిలుస్తుంది. పెళ్లి వీడియోల్లాంటివి కంప్యూటర్‌లో రాసిన డిస్కులు. వాటిలో సమాచారం రంగు పొరలో ఉంటుంది, ఎండకూ వేడికీ ఆ పొర పాడవుతుంది. చాలావాటి అడుగు భాగం ఊదాగానో నీలంగానో కనిపిస్తుంది. వీటిని ముందు హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి. తుడవవలసి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. నిలబెట్టి దాచండి, డిస్కు మీద స్టిక్కర్లు అంటించకండి.

తరువాత సినిమాల జాబితా రాయండి: పేరు, కంపెనీ, నిడివి. అట్ట మీద అచ్చేసిన నిడివి కాదు, ప్లేయరు చూపించే నిడివి. ఏ ప్రతిలో కోత పడిందో పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది. రెండు డిస్కులుంటే రెండూ కలిపి వేయండి.