గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేవాళ్లు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక కళా మ్యూజియంలో క్యూరేటర్‌గా (కళాఖండాలను ఎంచి ప్రదర్శనకు కూర్చే ఉద్యోగం) పనిచేసి విరమించినవారు, రాత్రి ఆశ్రయ కేంద్రం నడిపే సామాజిక కార్యకర్త, చూపు లేని ఉపాధ్యాయుడు.)

సమన్వయకర్త: నమస్కారం. కళా మ్యూజియంలు అందరివీ అంటారు. లోపలికి వెళ్లి చూస్తే ఆ అందరిలో కొందరు ఎప్పుడూ కనబడరు. ఇల్లు లేనివాళ్లు, జైలు నుంచి విడుదలైనవాళ్లు, శరణార్థులు, చూపు లేనివాళ్లు, ‘మనకేం తెలుస్తుందిలే’ అని తమకు తామే తప్పుకునేవాళ్లు. క్యూరేటర్ గారూ, టికెట్ తీసేస్తే వీళ్లంతా వస్తారా?

క్యూరేటర్: వస్తారనే చాలాకాలం నమ్మాను. బ్రిటన్‌లో 2001 డిసెంబరు నుంచి జాతీయ మ్యూజియంలకు ప్రవేశ రుసుము లేదు. జనం బాగా పెరిగారు. అయితే పెరిగినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందూ వచ్చే అలవాటున్నవాళ్లే. ఏడాదికి ఒకసారి వచ్చేవారు మూడుసార్లు వస్తే లెక్కల పుస్తకం కళకళలాడుతుంది, కొత్త ముఖం మాత్రం కనబడదు. అలాగని ఉచితం వద్దనను. టికెట్ ఉన్నచోట అసలు ఈ చర్చే మొదలవదు.

కార్యకర్త: ఉచితమైన చోట ఏం జరిగిందో నేను చెబుతాను. మా కేంద్రం నుంచి ఆరుగురిని ఒక మ్యూజియానికి తీసుకెళ్లాం. ముందురోజే ఫోను చేసి చెప్పాం కూడా. గుమ్మం దగ్గర ఒకావిడను ఆపారు. కారణం ఆమె సంచీ. పెద్ద సంచీలు లోపలికి తేకూడదు, లాకర్లో పెట్టండి అన్నారు. ఆ లాకరు చేతిసంచీ పట్టేంత. ఆమె సంచీలో దుప్పటి, రెండు జతల బట్టలు, మందులు, గుర్తింపు కార్డు, ఒక గిన్నె ఉన్నాయి. అది సంచీ కాదండీ, ఆమె ఇల్లు. “ఇక్కడ పెట్టి వెళితే మళ్లీ ఉంటుందని ఏమిటి నమ్మకం?” అని బయట మెట్ల మీద కూర్చుంది. తక్కినవాళ్లు లోపలికి వెళ్లి పావుగంటకే తిరిగొచ్చేశారు, ఆమె ఒక్కతే ఉందని.

సమన్వయకర్త: గార్డు దురుసుగా మాట్లాడాడా?

కార్యకర్త: లేదు, మర్యాదగానే మాట్లాడాడు. గోడమీది నిబంధన చూపించి క్షమించమన్నాడు. తిట్టి ఉంటే ఫిర్యాదైనా చేసేదాన్ని.

క్యూరేటర్: గార్డు తరఫున ఒక మాట చెప్పనివ్వండి. భుజాన సంచీ ఉన్న మనిషి ఆదమరచి వెనక్కి తిరిగితే చాలు, కాన్వాసు చిరుగుతుంది. ఆ నిబంధన ఎవరినో ఆపాలని పెట్టింది కాదు.

ఉపాధ్యాయుడు: నా చేతికర్రను బయట పెట్టమన్నప్పుడూ ఇదే చెప్పారు సార్. కర్ర లేకపోతే మీ శిల్పాలకు నేనే పెద్ద ప్రమాదం అన్నాను.

(నవ్వులు)

సమన్వయకర్త: మాస్టారూ, చూపు లేనివారు మ్యూజియంలో ఏం చేస్తారని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఉపాధ్యాయుడు: అడగనివ్వండి. ఇటలీలోని అంకోనాలో మ్యూజియో ఒమెరో అని ఒకటుంది. 1993లో చూపు లేని దంపతులు పట్టుబట్టి పెట్టించారు. అక్కడ శిల్పాలను తాకవచ్చు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 2015లో కొన్ని ప్రసిద్ధ వర్ణచిత్రాలను ఉబ్బెత్తు ప్రతిరూపాలుగా చేయించి, చేతులతో చూడమంది. నా సంగతికి వస్తే, ఒకచోట ప్లాస్టరు ప్రతిరూపం మీద చెయ్యి వేయనిచ్చారు. ముసలావిడ ముఖం. నుదుటి ముడతలు దాటి, చెంప దిగి, పెదవి కొసన వేలు ఆగింది. అక్కడో చిన్న గుంట. పక్కనున్న గైడ్ “ఆమె నవ్వుతోందండీ” అంది. లేదమ్మా, నవ్వు ఆపుకుంటోంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అవునండీ, నేనే సరిగా చూడలేదు” అంది. రోజూ ఆ శిల్పం పక్కనే నిలబడే మనిషి.

కార్యకర్త: నేను చెప్పాలనుకున్నదీ అదే. మాలాంటివాళ్లను లోపలికి రానిస్తే మ్యూజియం ఏదో దానం చేసినట్లు మాట్లాడతారు. మాస్టారు ఆ రోజు ఏం పుచ్చుకున్నారో కానీ, ఇచ్చింది కూడా ఉంది కదా.

సమన్వయకర్త: సార్, ఈ బెరుకు మొదటి నుంచీ ఉన్నదేనా?

క్యూరేటర్: పుట్టుకతోనే ఉంది. 1759లో తెరిచిన బ్రిటిష్ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితమే, కానీ ముందుగా దరఖాస్తు రాసి టికెట్ తెచ్చుకోవాలి. రాయడం రానివాడి సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచి విప్లవకాలంలో, 1793 ఆగస్టు 10న, పారిస్‌లోని లూవ్ర రాజప్రాసాదాన్ని మ్యూజియంగా ప్రజలకు తెరిచారు. నిన్నటిదాకా రాజుగారివైన బొమ్మలు అందరివీ అయ్యాయి. పత్రాల్లో అయ్యాయి. 1850ల చివర లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో గ్యాసు దీపాలు పెట్టి సాయంత్రాలు తెరిచి ఉంచారు, పగలంతా పనిలో ఉండే కార్మికులు రావడానికి. నాకు ఆ దీపాలంటే చాలా గౌరవం. ఎవరి దగ్గర ఏ వేళ ఖాళీ ఉంటుందో ఒకరు ఆలోచించారన్నమాట. మన మ్యూజియంలు చాలావరకు ఇప్పటికీ సాయంత్రానికల్లా మూసేస్తాం.

సమన్వయకర్త: సమయం సరిపోతే వస్తారా మరి?

క్యూరేటర్: అక్కడా చిక్కుంది. 1960లలో ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బుర్దియూ, ఆయన సహచరులు ఐరోపా మ్యూజియంల సందర్శకులను అధ్యయనం చేశారు. ఎంత చదువుకుంటే అంతగా వస్తున్నారని తేలింది. మ్యూజియం దేన్ని గుర్తుచేస్తుంది అని అడిగితే, చర్చిని అన్నవాళ్లు శ్రామికుల్లో ఎక్కువ. నిశ్శబ్దం, ఎత్తైన కప్పు, గట్టిగా అడిగితే ఎవరేమనుకుంటారోనన్న భయం. ఇందులో నా పాపమూ ఉంది. ముప్పై ఏళ్లు చిత్రాల పక్కన పేరుపలకలు రాశాను. ఇప్పుడు చదివితే, అవన్నీ తోటి క్యూరేటర్లు తప్పు పట్టకూడదని రాసినవి. బొమ్మలో ఏడుస్తున్న మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో ఒక్కదాంట్లోనూ చెప్పలేదు.

కార్యకర్త: చెప్పే మనిషి మారితే పలక అవసరం కూడా తగ్గుతుందండీ. 2015 చివర్లో బెర్లిన్ మ్యూజియంలలో ‘ముల్తకా’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అరబిక్‌లో కలుసుకునే చోటు అని అర్థం. సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చిన శరణార్థులకే శిక్షణ ఇచ్చి, తోటి శరణార్థులకు అరబిక్‌లో మ్యూజియం చూపించే గైడ్లను చేశారు. తమ ఊళ్ల నుంచి ఎప్పుడో తరలిపోయిన వస్తువులు, ఇప్పుడు తాము తలదాచుకున్న ఊళ్లో కనబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ గదిలో అతిథి ఎవరు, ఇంటివాడు ఎవరు?

క్యూరేటర్: అమెరికాలోని బాల్టిమోర్ కళా మ్యూజియంలో 2022లో పదిహేడుమంది సెక్యూరిటీ గార్డులే ఒక ప్రదర్శనను కూర్చారు. ఏ బొమ్మ పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్నది వాళ్ల నిర్ణయం. ఎనిమిది గంటలు బొమ్మల ముందు నిలబడే ఉద్యోగం ఇంకెవరికి ఉంది చెప్పండి! క్యూరేటర్లం కుర్చీల్లో ఉంటాం.

సమన్వయకర్త: ఇలాంటివారి కోసం ప్రత్యేక రోజులు పెట్టడం మంచిదేనా?

కార్యకర్త: నాకు నచ్చదు. ఆ రోజు పూలు, బ్యానరు, ఫోటో. మర్నాడు అదే మనిషి ఒంటరిగా వస్తే వెనకాలే ఒక గార్డు. ‘పేదల రోజు’ అని పేరు పెట్టిన రోజున రావాలంటే ముందు నేను పేదనని ఒప్పుకోవాలి.

ఉపాధ్యాయుడు: ఇక్కడ మీతో ఏకీభవించనమ్మా. నా శిష్యుల్లో ఆటిజం ఉన్న పిల్లవాడున్నాడు. రద్దీ, అరుపులు, మెరిసే లైట్లు వాడు భరించలేడు. తలుపులు తీసిన మొదటి గంట వాడికోసం ప్రశాంతంగా ఉంచితే అది వేరుచేయడం ఎలా అవుతుంది? ఆ గంట లేకపోతే వాడికి మ్యూజియమే లేదు.

కార్యకర్త: ఆ గంట వేరు మాస్టారూ. అది వాడు అడిగింది. మేం అడిగింది ఎవరూ ఇవ్వలేదు.

సమన్వయకర్త: ఏం అడిగారు?

కార్యకర్త: కూర్చోవడానికి వీపు ఆనే బల్లలు. ప్రశ్నలు అడగని మరుగుదొడ్డి. ఇంకా, సంచీ పెట్టుకోవడానికి చోటు, దాని తాళం చెవి మా చేతికే ఇవ్వాలి. ఇంతే. కళ గురించి ఒక్కటీ అడగలేదు. అది మేం చూసుకుంటాం.

(క్యూరేటర్ జేబులోంచి కాగితం తీస్తారు.)

క్యూరేటర్: అమ్మా, ఆ సంచీ ఎంత ఉంటుంది?

కార్యకర్త: ఇదిగో, ఇంత.

ఉపాధ్యాయుడు: ఎంతో నాకూ చెప్పండి.

సమన్వయకర్త: క్షమించండి మాస్టారూ. మేడమ్ రెండు చేతులూ చాపారు. సుమారుగా ఇక్కడి నుంచి... నా ముందున్న మైకు దాకా.

ఉపాధ్యాయుడు: మీ మైకు ఎక్కడుందో నాకేం తెలుసు?

కార్యకర్త: మాస్టారూ, మీ చేతులు ఇటివ్వండి. ఈ చెయ్యి ఇక్కడ పెట్టండి. ఇంకాస్త దూరం జరపండి. ఆఁ, అంత.