చక్రం వెనక బోల్టు

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి ముందు వారం మన కోనసీమలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర చూసినా కార్లు బారులు తీరి ఉంటాయి. "పండక్కి అల్లుడుగారొస్తున్నారు, బ్రేకులు చూసి సాయంత్రానికల్లా ఇచ్చెయ్యండి" అని తొందరపెడతాం. ఆ తొందరలో బిగించకుండా వదిలేసే ఒక బోల్టు గురించి ఇవాళ చెప్తాను.

ముందు చక్రం విప్పితే మెరిసే ఇనప పళ్లెం కనపడుతుంది. అదే డిస్కు. దాన్ని రెండు వైపులా పట్టి ఉండేది కాలిపర్. చాలా కార్లలో కాలిపర్‌ను, అది అటూ ఇటూ జరిగే పిన్నులకు పట్టి ఉంచేవి రెండు చిన్న బోల్టులు. వాటి వెనక, కాలిపర్‌ను మోసే బ్రాకెట్‌కు ఇంకో రెండు పెద్దవి. ప్యాడ్లు, అంటే డిస్కును నొక్కి ఆపే ముక్కలు, మార్చేటప్పుడు చాలాసార్లు కింది చిన్న బోల్టు ఒక్కటి తీసి కాలిపర్‌ను పైకి ఎత్తుతారు. పని అయ్యాక బోల్టును వేళ్లతో నాలుగు మరలు ఎక్కించి, పానా అందుకునేలోగా ఇంకెవరో పిలుస్తారు. చక్రం ఎక్కేశాక అది ఇక ఎవరి కంటా పడదు.

రావులపాలెంలో ఒక షెడ్డులో చూశాను. చక్రం తీయగానే కింది బోల్టు ఉండాల్సిన చోట ఉత్త బెజ్జం. పై బోల్టు కుర్రాడి వేలికే తిరిగింది. రిమ్ము లోపలి అంచున కాలిపర్ గీరిన గీత తెల్లగా మెరుస్తోంది. ప్యాడ్ ఒక కొస పల్చబడింది, రెండో కొస మందంగానే ఉంది. "గోతుల్లో టకటకమంటుంటే సస్పెన్షన్ అనుకున్నామండీ" అన్నారు ఇంటాయన. చాలామంది అలాగే అనుకుంటారు. బ్రేకు తొక్కినప్పుడు టక్కుమన్నా, బండి ఒక పక్కకు లాగినా ముందు ఈ బోల్టులు చూడమనండి.

ఉన్న బోల్టు కూడా జారిపోతే కాలిపర్ ఊడి రిమ్ముకు కొట్టుకుంటుంది, బ్రేకు గొట్టం తెగుతుంది, ఆయిల్ కారిపోతుంది. పెడల్ కిందకి దిగిపోతుంది. బ్రేకులు రెండు సర్క్యూట్లుగా, అంటే రెండు వేర్వేరు ఆయిల్ దారులుగా ఉంటాయి కాబట్టి కొంత పట్టు మిగులుతుంది. కానీ కాలువ గట్టు మలుపులో, పక్కన నిండు నీళ్లుండగా, ఆ కొంత ఎక్కడ సరిపోతుంది?

పోయిన బోల్టు బదులు డబ్బాలో దొరికినదేదో పెట్టనివ్వకండి. పొడవు, మర, గట్టిదనం మూడూ కుదరాలి. ఆ కారు మోడల్‌కు వచ్చేదే తెప్పించాలి. మరలు అరిగిపోతే టేపు చుట్టి బిగించడం ప్రాణాలతో చెలగాటం. చిన్న కార్లకు చిన్న బోల్టు బిగువు సుమారుగా 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్ బోల్టుకు 80 నుంచి 110 ఉంటుంది. మీ కారుకు ఎంతో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బిగువు కొలిచి చూపే టార్క్ రెంచితోనే బిగించమని అడగండి, తర్వాత బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి పెయింటు గీత పెట్టించండి. బోల్టు మీది గీత పక్కకు జరిగితే బోల్టు వదులైనట్టే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. అక్కడివాళ్లు ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ పిన్నులు శుభ్రం చేయించి, రబ్బరును పాడుచేయని బ్రేకు గ్రీజే పూయించండి.

గట్టు మీద వెళ్తుండగా చక్రంలోంచి ఇనుము గీరుకుంటున్న చప్పుడొస్తే వేగం తగ్గించి, గేరు దించి, వీలైన చోట ఆపండి. పెడల్ పూర్తిగా దిగిపోతే హ్యాండ్‌బ్రేకు మెల్లగా, కొంచెం కొంచెంగా లాగండి. తర్వాత షెడ్డుదాకా మీరు నడుపుకుంటూ వెళ్లొద్దు, మెకానిక్‌నే పానాలతో అక్కడికి రమ్మనండి.