చేతిలో జత లేకుండా పాట్ మొత్తం బెట్ వేశాను: క్యాష్ గేమ్‌లో బ్లఫ్ ఎలా పనిచేస్తుంది

[స్క్రీన్ మీద: ఆన్‌లైన్ టేబుల్, చేతిలో ఇస్పేటు ఆసు, ఆఠీను అయిదు]

ఈ రెండు ముక్కలు చూడండి. న్యూజెర్సీలో నేను ఆడిన పోకర్ హ్యాండ్ ఇది. బ్లైండ్స్ (ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేసే పందేలు) 25 సెంట్లు, 50 సెంట్లు, నా దగ్గర 50 డాలర్లు, అవతలి ఆటగాడి దగ్గరా అంతే. ఆఖరికి నా చేతిలో ఒక జత కూడా లేదు, అయినా పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బు) ఎంతుందో అంతా బెట్ వేశాను. ఎందుకు వేశానో, అందులో ఏది సరైందో, ఏది తప్పిందో మొత్తం చెప్తాను.

ముందుగా ఒక విషయం. న్యూజెర్సీలో 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్‌కి లైసెన్స్ ఉంది, 21 ఏళ్ళు నిండినవాళ్ళు ఆడొచ్చు. మన దగ్గర అలా కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం మార్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పేకాటను ఆపేశారు, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటికీ అదే పని చేసింది. కాబట్టి ఇండియాలో ఉండి చూస్తున్నవాళ్ళు దయచేసి ఇందులో లెక్క వరకే తీసుకోండి, డబ్బు పెట్టకండి.

సరే, లెక్కలోకి వద్దాం. సంక్రాంతికి మూడు ముక్కలాట ఆడేటప్పుడు ముక్కలు చూడకుండా బ్లైండ్‌లో పెంచుకుంటూ పోయి అందరితో ప్యాక్ చేయించినవాణ్ణి మొనగాడంటాం. ఆ అలవాటుతో పోకర్ టేబుల్ ఎక్కితే డబ్బులు నిలవవు, ఎందుకంటే ఇక్కడ ప్రతి బ్లఫ్‌కీ ఒక ధర ఉంటుంది, అది కూడికలు, భాగహారాలు వస్తే ఎవరైనా కట్టుకోగలిగే లెక్క. పాట్‌లో 10 డాలర్లున్నాయి, మీరు 5 వేశారు. అంటే 10 కోసం 5 పోగొట్టుకోడానికి సిద్ధపడ్డారు. మూడుసార్లలో ఒకసారి అవతలివాడు ఫోల్డ్ చేస్తే (మన ప్యాక్ లాంటిదే) చాలు, లాభం నష్టం రెండూ లేవు. అదే 10కి 10 వేస్తే సగంసార్లు ఫోల్డ్ కావాలి. 20 వేస్తే మూడుసార్లలో రెండుసార్లు. వేసే బెట్‌ని, బెట్ ప్లస్ పాట్‌తో భాగించండి, అంతే. సైట్ తీసుకునే రేక్ (కమిషన్) వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువ సార్లే కావాలి, ఆ తేడా చిన్న టేబుల్స్‌లో బాగా తెలుస్తుంది.

[స్క్రీన్ మీద: ఫ్లాప్, అంటే బోర్డు మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు, వీటిని అందరూ తమ రెండు ముక్కలతో కలుపుకుంటారు. ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమండ్ మూడు]

ఇప్పుడు హ్యాండ్. నేను బటన్ మీద (ఫ్లాప్ నుంచి అందరికంటే ఆఖర్న ఆడే చోటు) ఉన్నాను, డాలరు పావలా, అదే 1.25కి రెయిజ్ చేశాను (పెంచాను), బిగ్ బ్లైండ్ (50 సెంట్లు వేసినవాడు) ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే డబ్బు వేసి నిలిచాడు. పాట్ 2.75. ఫ్లాప్ మీద అతను చెక్ (ఏమీ వేయకుండా వంతు నాకు వదిలాడు), నేను ఒక డాలరు వేశాను. రాజు పడ్డ బోర్డు బటన్ మీద రెయిజ్ చేసినవాడికే ఎక్కువ కలిసొస్తుంది, పైగా ఈ బెట్ చవక, నాలుగుసార్లలో ఒకసారికి కాస్త పైన ఫోల్డ్ వస్తే గిట్టుబాటు. అతను కాల్ చేశాడు. పాట్ 4.75.

టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) ఇస్పేటు ఆరు. ఇక్కడ నాకు నిజంగా నచ్చే పరిస్థితి వచ్చింది. బోర్డు మీద మూడు ఇస్పేట్లు, నా చేతిలో ఆసు. మిగిలిన తొమ్మిది ఇస్పేట్లలో ఏది పడ్డా అన్నిటికంటే పెద్ద ఫ్లష్ నాదే (మూడు ముక్కలాటలో కలర్ అంటామే, ఇక్కడ అది అయిదు ముక్కలతో). కనిపించని ముక్కలు 46, అంటే దాదాపు అయిదుసార్లలో ఒకసారి తగులుతుంది. ఇప్పుడు బెట్ వేస్తే ఫోల్డ్ చేసినా నాకే, కాల్ చేసినా నాకు ఇంకో దారి ఉంది. దీన్నే సెమీ బ్లఫ్ అంటారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే బ్లఫ్‌లలో ఎక్కువ భాగం ఇలాంటివే అయి ఉండాలని నా గట్టి అభిప్రాయం. 3.50 వేశాను. మళ్ళీ కాల్. పాట్ 11.75.

రివర్ (అయిదోది, ఆఖరి ఉమ్మడి ముక్క) కళావరు రెండు. ఏమీ తగల్లేదు. అతను చెక్.

[స్క్రీన్ మీద: పాట్ 11.75, బెట్ 11.75]

ఇక్కడ చెక్ చేస్తే నా ఆసుతో గెలవడం దాదాపు అసాధ్యం, రెండుసార్లు కాల్ చేసినవాడి దగ్గర కనీసం ఒక జత ఉంటుంది. కాబట్టి బ్లఫ్‌కి పనికొచ్చే చెయ్యే ఇది. ఈ విషయం చాలామంది తిరగేస్తారు. మధ్యరకం జత పట్టుకుని బ్లఫ్ చేస్తారు, దాంతో ఏమవుతుందంటే తమకన్నా చిన్నవి ఫోల్డ్ అవుతాయి, పెద్దవి కాల్ చేస్తాయి, చెక్ చేసి ఉంటే ఊరికే గెలిచే డబ్బు కూడా పోతుంది. గణితవేత్త వాన్ నాయ్‌మన్, ఆర్థికవేత్త మోర్గన్‌స్టెర్న్ 1944లో ప్రిన్స్‌టన్ నుంచి గేమ్ థియరీ (ఎత్తుగడల గణితం) పుస్తకం వేసినప్పుడే పోకర్‌ని చిన్న నమూనాగా తీసుకుని ఇది చూపించారు: బ్లఫ్ చేయాల్సింది అడుగున ఉన్న చేతులతో, మధ్యవాటితో చెక్. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ ఊరికి ప్రిన్స్‌టన్ పక్కనే, అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో కారణం నా చేతిలోని ఇస్పేటు ఆసే. నా దగ్గర ఇస్పేటు ఒక్కటీ లేకపోతే బయట పది ఉండేవి, వాటిలో రెండేసి కలిపితే 45 రకాల ఫ్లష్‌లు. ఆసు నా దగ్గరుంది కాబట్టి 36 మాత్రమే. పోయిన ఆ తొమ్మిదీ ఎవరూ ఎప్పటికీ ఫోల్డ్ చేయనివి. దీన్ని బ్లాకర్ అంటారు. పైగా నా కథ కూడా అతుకుతుంది: ఫ్లాప్ మీద చిన్న బెట్, మూడో ఇస్పేటు పడగానే పెద్ద బెట్, రివర్ మీద పాట్ అంతా. నిజంగా ఫ్లష్ ఉన్నా ఇలాగే ఆడేవాణ్ణి. పాట్ అంతా వేసినప్పుడు రెండు నిజమైన చేతులకి ఒక బ్లఫ్ చొప్పున ఉంటే అవతలివాడికి కాల్ చేసినా, ఫోల్డ్ చేసినా ఒకటే అవుతుంది, ఆ పాళ్ళు తప్పితే మనల్ని పట్టేస్తారు.

ఇంతవరకు అంతా సరే. అతను టైమ్ బ్యాంక్ (ఆలోచించడానికి ఇచ్చే అదనపు సమయం) సగం వాడుకుని కాల్ చేశాడు. ఆఠీను రాజు, డైమండ్ పది. ఒక్క జత. ఇస్పేటు ఒక్కటీ లేదు.

[స్క్రీన్ మీద: అతని ముక్కలు తిరగబడతాయి]

తప్పు ఎక్కడుందంటే, అంతకుముందు అరగంటలో అతను ఒక్క జతతోనే రెండుసార్లు పెద్ద బెట్ కాల్ చేసి ముక్కలు చూపించాడు. నేను చూశాను, పట్టించుకోలేదు. నాకు సగంసార్లు ఫోల్డ్ కావాలి, అతను సగంసార్లు ఫోల్డ్ చేసే మనిషి కాదు. టోర్నమెంట్‌లో అయితే బయటికి పోతామన్న భయం ఫోల్డ్ చేయిస్తుంది. క్యాష్ గేమ్‌లో ఆ భయం లేదు, పోతే ఇంకో 50 డాలర్లు వేసుకుని కూర్చుంటాడు. చిన్న టేబుల్స్‌లో ఇలాంటివాళ్ళు చాలామంది, వాళ్ళ మీద రివర్ బ్లఫ్ దాదాపు మానేయండి, మంచి చెయ్యి వచ్చినప్పుడు మామూలు కంటే పెద్దగా బెట్ వేయండి.

ఆన్‌లైన్‌లో ముఖం కనపడదు కదా, మనిషిని ఎలా తెలుసుకోవాలి అని అడుగుతారు. షోడౌన్‌లో (ఆఖర్న ముక్కలు తెరిచేటప్పుడు) చూపించిన ముక్కలు చూడండి, మీరు హ్యాండ్‌లో లేనప్పుడు కూడా. ఎన్ని చేతులు ఆడుతున్నాడు, రెండో బెట్‌కి వదిలేస్తున్నాడా, ఆఖరిదాకా వస్తున్నాడా. నాలుగు టేబుల్స్ తెరిచి ఆడితే ఇది కుదరదు, ఒకటో రెండో చాలు. మీరు కూడా బలమైన చేతికి, బ్లఫ్‌కి ఒకే సమయం తీసుకోండి, టెన్షన్‌లో టక్కున నొక్కితే అవతలివాడు అది కూడా చదువుతాడు.

ఆ రాత్రే అతని పేరు పక్కన నోట్ రాసుకున్నాను: "టాప్ పెయిర్ (బోర్డు మీది పెద్ద ముక్కతో జత) వదలడు." మూడు వారాల తర్వాత అదే మనిషి ఎదురయ్యాడు, నాకు రాజు, ఎనిమిది రెండు జతలు పడ్డాయి. ఈసారి రివర్ మీద పాట్‌కి ఒకటిన్నర రెట్లు వేశాను, వెంటనే కాల్ చేశాడు.