ముట్లు ఆగిన తరువాత కనిపించే మరక

ఇంత ఎండలోనూ ద్వారకానగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. గర్భసంచి లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్ గురించి చెప్పబోతే, "పాప్ స్మియర్ చేయించుకున్నాను డాక్టరమ్మా, ఇక భయం లేదు కదా?" అన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. లోపలి పొరలోని క్యాన్సర్ దానిలో చాలాసార్లు దొరకదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేయిస్తున్న క్యాన్సర్ పరీక్షలు కూడా నోటికి, రొమ్ముకు, ముఖద్వారానికి సంబంధించినవే.

మరి అందరికీ స్కానింగ్ చేయొచ్చు కదా అంటారేమో. ఏ ఇబ్బందీ లేని స్త్రీలందరికీ స్కానింగ్ చేస్తే పొర మందంగా ఉన్నవారు ఎందరో తేలతారు. వారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండకపోయినా ముక్క తీసి పరీక్షించక (దీన్నే బయాప్సీ అంటాం) తప్పదు. ఇంత చేసినా అదనంగా ప్రాణాలు దక్కుతాయని రుజువు కాలేదు. ఈ జబ్బు చాలావరకు తనంతట తానే తొందరగా బయటపడుతుంది. ముట్లు ఆగాక ఇది వచ్చినవారిలో సుమారు 90 శాతం మందికి రక్తస్రావం కనిపిస్తుంది. అలా రక్తం కనిపించిన ప్రతి 100 మందిలో దాదాపు 90 మందికి క్యాన్సర్ కాదన్నదీ అంతే నిజం.

గాజువాక వైపు నుంచి వచ్చిన ఒకావిడకు ముట్లు ఆగి ఏడేళ్లయింది. లంగా మీద కందిపప్పు బద్దంత మరక కనబడితే, కోడలు లేవకముందే ఉతికి ఆరేసి, వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగారు. మళ్లీ కనబడితే ఎక్కడో "ఈ వయసులో మామూలే" అని రక్తం ఆగే మాత్రలిచ్చారట. రక్తం ఆగింది కానీ జబ్బు ఆగలేదు. పదకొండు నెలల తరువాత నా దగ్గరకు వచ్చేసరికి లింఫ్ గ్రంథులకు పాకింది. అమెరికా లెక్కల ప్రకారం గర్భసంచి దాటకముందే పట్టుబడితే అయిదేళ్లు బతికేవారు సుమారు 95 శాతం, చుట్టుపక్కలకు పాకితే 70 శాతం, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరితే 20 శాతానికి కాస్త అటూ ఇటూ. కణితి రకాన్ని బట్టి, దానిలోని జన్యుమార్పులను బట్టి కూడా ఫలితం మారుతుంది కాబట్టి, 2023లో సవరించిన దశల విభజనలో వాటికీ చోటిచ్చారు.

స్కానింగ్‌లో ముట్లు ఆగాక రక్తం కనబడినవారికి పొర 4 మిల్లీమీటర్లు మించకపోతే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. అయినా రక్తం మళ్లీ కనబడితే బయాప్సీ చేయించాల్సిందే. సన్నని గొట్టంతో కొద్ది నిమిషాల్లో అయిపోయే పని, ముట్టు నొప్పిలాంటి నొప్పి ఉంటుంది. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జన్యులోపం వల్ల పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు తరతరాలుగా వస్తున్న కుటుంబాల స్త్రీలకు మాత్రం, లక్షణాలు లేకపోయినా సుమారు 35వ ఏట నుంచి ఏటా బయాప్సీ అవసరమవుతుంది.

అధిక బరువు, షుగరు ఉన్నవారిలోనే ఈ క్యాన్సర్ ఎక్కువ. తొలి దశలో నయమైనవారిని తరువాతి ఏళ్లలో ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బు. అందుకే ఆపరేషన్ అయినవారు మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, స్కానింగ్ రిపోర్టు కన్నా ముందు నేను షుగరు చీటీ అడుగుతాను.